అమ్మకు చెంచాతో నీళ్లు పట్టిన కరుణ

"మేడం, కరుణ మేడం లేరు."

నిన్న పొద్దున కోరుట్ల బస్టాండ్‌లో ఉండగా మా కాలేజీ అటెండర్ ఫోన్ చేసి అన్న మాట ఇది.

"ఏమైంది, సెలవు పెట్టిందా?" అని అడిగాను.

అవతల నుంచి ఏడుపు వినిపించింది.

హార్ట్ ఎటాక్ అట. హాస్పిటల్‌కు తీసుకెళ్లేలోపే అంతా అయిపోయింది.

మొన్న సాయంత్రమే మెసేజ్ పెట్టింది, ల్యాబ్‌కు ఉల్లిగడ్డలు తెమ్మని. ఆ మెసేజ్‌కు నా జవాబు ఇంకా పోలేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. కరుణ జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పేది. నేను తెలుగు. ఒకే స్టాఫ్ రూమ్, ఒకే టిఫిన్ బాక్స్.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో కాలేజీలకు తాళాలు పడ్డాయి. లెక్చరర్లమంతా ధర్నా టెంట్‌లో కూర్చునేవాళ్లం. కరుణ టెంట్‌కు వచ్చిన పిల్లలకు అక్కడే క్లాస్ మొదలుపెట్టింది. కీరదోసకాయ ముక్కలు కోసి, ఉప్పు చల్లి, ప్లేట్‌లో పెట్టింది. కాసేపటికి ప్లేట్‌లో నీళ్లు చేరాయి.

"గీ నీళ్లు ఏడికెల్లి వచ్చినయి?" అని అడిగింది.

ఒక ముక్క చేతిలోకి తీసుకుని తనే చెప్పింది.

"ముక్కల ప్రతి కణానికి ఒక పల్చటి పొర ఉంటది. నీళ్లు దాంట్లకెల్లి దాటుతయి. ఉప్పు ఎక్కువున్న దిక్కు పోతయి. దీన్ని ఆస్మాసిస్ అంటరు. పేరు తర్వాత నేర్సుకోండ్రి, ముందుగాల చూడుండ్రి."

చూశాక ఆ ముక్కలు అందరం తినేశాం.

ఆ రోజుల్లోనే ఒకసారి ఇద్దరం సిరిసిల్లలో ర్యాలీకి వెళ్లాం. తిరుగు ప్రయాణానికి బస్సులు లేవు. ఆటో దొరికితే మా అమ్మగారి ఊరు ఎల్లంతకుంట చేరాం.

మాది ఒకప్పటి దొరల ఇల్లు. అమ్మ కరుణను ఊరేదో అడిగింది, తర్వాత ఇంటి సంగతి అడిగింది.

"మాది మేడిపల్లి అమ్మా. మా అమ్మ కూలికి పోతది. మేం చర్చికి పోతం" అని కరుణ ఉన్నదున్నట్టు చెప్పింది.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. కరుణకు మాత్రం చాయ్ వేరే గ్లాసులో వచ్చింది. నేను గ్లాసు మార్చబోతే కరుణ కళ్లతోనే వద్దంది.

మరునాడు పొద్దున అమ్మకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. చేతి మీద చర్మం గిల్లితే అలాగే నిలబడి ఉంది. ఊళ్లో డాక్టర్ లేడు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే దగ్గరలో బండి లేదన్నారు.

బలం వస్తుందని చెంబు నీళ్లలో గుప్పెడు చక్కెర పోయబోయాను. కరుణ నా చేయి పట్టుకుంది.

"అంత వద్దు మాధవీ. చక్కెర ఎక్కువైతే ఒంట్లె నీళ్లను పేగులకు గుంజుతది. కీర ముక్కల లెక్కనే అయితది."

తనే వంటింట్లోకి వెళ్లింది. కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు తీసుకుని, ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపింది. ప్రతి చెంచా వేలితో అంచు దాకా సమం చేసి మరీ పోసింది.

గ్లాసు పట్టుకుని అమ్మ తల దగ్గర కూర్చుంది. అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"నీళ్లు మాధవి పడ్తది" అంది.

కరుణ చెంచా నా చేతికిచ్చింది. గబగబా పట్టాను. అమ్మ అంతా కక్కేసింది.

"ఫర్వాలేదు. జర ఆగి మళ్ల పట్టుదాం. ఒక చెంచా, కొంచెం ఆగి ఇంకో చెంచా" అంది కరుణ.

అమ్మ నా చేతిలోని చెంచా వైపు చూసింది. తర్వాత కరుణ వైపు చూసింది.

"నువ్వే పట్టు బిడ్డా."

ఆ మధ్యాహ్నమంతా కరుణ అక్కడి నుంచి లేవలేదు. పొద్దు గూకే వేళకు అమ్మ ఒంటికి పోవాలంది. అప్పుడు కరుణ గోడకు ఒరిగి కూర్చుంది.

"ఒంటికి వచ్చిందంటే నీళ్లు నిలిచినట్టే. ఇగ భయం లేదు" అంది.

తెల్లారి లేచి కూర్చోగానే అమ్మ అడిగిన మొదటి మాట ఇది: "ఉత్త నీళ్లు తాగితే నిలువలే. గివెట్ల నిలిచినయి?"

"పేగుల కణాలకు చిన్న చిన్న తొవ్వలు ఉంటయమ్మా. ఉప్పు, చక్కెర రెండూ కలిసొస్తెనే గా తొవ్వల లోపలికి పోతయి. వాటెంట నీళ్లు పోతయి."

అమ్మ లేచి, నా భుజం పట్టుకుని వంటింట్లోకి నడిచి, కరుణకు పీట వేసింది.

కరుణ కూర్చోలేదు. "ఇయ్యాల వద్దమ్మా. బస్సులు నడిచినంక మా అమ్మను తోలుకొస్త. ఆమెకు పెట్టుండ్రి" అంది నెమ్మదిగా. కోపం లేదు, బతిమాలడమూ లేదు.

అన్నట్టే తీసుకొచ్చింది. వాళ్లమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "ఏడ కూసోవాలె దొరసాని?" అని అడిగింది.

అమ్మ ముందు తను కింద కూర్చుని, పక్కన చోటు చూపించింది. "నా పక్కకు కూసో. గట్ల పిలువకు."

నలుగురం కలిసి తిన్నాం. అందరం అన్నం మళ్లీ వడ్డించుకున్నాం.

నిన్న సాయంత్రం అంత్యక్రియలకు మేడిపల్లికి అమ్మ కూడా వచ్చింది. మోకాళ్లు సహకరించవు, వద్దన్నా వినలేదు. సమాధి దగ్గర కరుణ పాత స్టూడెంట్స్ ఎంతమందో. నర్సులు, టీచర్లు, కోరుట్లలో మెడికల్ షాపు పెట్టుకున్నవాళ్లు. అందరి దగ్గరా ఆమె మాట ఒకటుంది.

తిరిగొస్తుంటే కారులో అమ్మ అంది, "ఆమె గురించి రాస్తవు గద. పెంచి రాయకు. ఉన్నది రాస్తె సాలు."

ఉన్నదే రాశాను.

కరుణా, పోయి రా. నువ్వు నమ్మిన దేవుడి దగ్గర నీకు నెమ్మది దొరకాలి.