హూడి జట్టు తిన్న చక్కెర పొంగలి

మాది పోయిన ఏడాది ఆడిన ప్రతి మ్యాచూ ఓడిన జట్టు. మాది అంటున్నాను గానీ, ఆడేది నా కూతురు. నేను సిమెంటు మెట్ల మీద కూర్చుని దండం పెట్టుకుంటాను. నన్ను బడికి పంపలేదు. మా నాయన ఇంట్లోనే అక్షరాలు, లెక్కలు, స్తోత్రాలు నేర్పాడు. ఆ భాగ్యం తక్కువది కాదు. కానీ ఆ చదువులో ఆటస్థలం లేదు. మొదటిసారి బాస్కెట్‌బాల్ చూసి, అడుగు లేని బుట్టలో బంతి వేయడానికి ఇంత పరుగెందుకని అడిగాను. నా కూతురు ఆ మాట మా కాడుగోడి అంతా చెప్పుకుని నవ్వింది.

ఈ ఏడాది స్వామి దయ చూశాడు. పడుతూ లేస్తూ, బొమ్మసంద్ర వాళ్ళను కూడా గెలిచి, మా పిల్లలు ఆఖరి లీగ్ మ్యాచ్ దాకా వచ్చారు. హూడి జట్టును గెలిస్తే నాకౌట్, ఓడితే ఇల్లు. వచ్చే ఏడాదికి నా కూతురికి ఈ జట్టు వయసు దాటిపోతుంది. "ఒక్కసారన్నా నాకౌట్ ఆడల్లమ్మా" అని వారమంతా అదే మాట.

ఆ మ్యాచ్ శనివారం పడింది. శనివారం మా ఇంట్లో స్వామికి చక్కెర పొంగలి. నైవేద్యం అయ్యాక పెద్ద స్టీలు డబ్బా నిండా తీసుకుపోయాను, ఆట ముగిశాక మా పిల్లలకు పెడదామని. ఆటకు ముందు ఏమీ తినకూడదని వాళ్ళ కోచ్ గట్టిగా చెప్పి ఉన్నాడు.

హూడి పిల్లలు అప్పటికే వచ్చేశారు. ఒక్కొక్కరూ తలుపంత పొడుగు. నెయ్యి వాసన పట్టుకుని వాళ్ళ కెప్టెన్ మెట్లెక్కింది.

"ఆంటీ, ప్రసాదమా?"

ప్రసాదానికి చాచిన చేతికి లేదనడం మా ఇంటావంటా లేదు. పెట్టాను. ఆ చేతి వెనకే మిగతా చేతులు.

"సక్కత్తుగా ఉండాది ఆంటీ! ఇంగొంచెం?"

"తినండమ్మా, స్వామిది" అన్నాను, మనస్ఫూర్తిగానే.

మొదటి సగం హూడిదే. రెండో సగంలో నెయ్యి తన పని మొదలుపెట్టింది. కెప్టెన్ పరుగు నడకయింది, ఇంకొకామె నడుం పట్టుకుని నిలబడిపోయింది. చివర్లో నా కూతురు వేసిన బంతి బుట్ట అంచు మీద కాసేపు ఆలోచించి లోపలికి దిగింది. ఒక్క పాయింటుతో గెలిచాం!

నా కూతురు గంతులేస్తూ వచ్చి డబ్బా మూత తీసింది.

"అమ్మా, యాడికి పోయె అంతా?"

"వాళ్ళు అడిగిరి. పెడితిని."

"ఆటకు ముందా?" దాని ముఖం వాడిపోయింది. "అయితే మేం గెలవలా. నీ పొంగలి గెలిచె."

కింది మెట్టు మీద వెల్లకిలా పడుకున్న హూడి కెప్టెన్ తల ఎత్తింది.

"ఏయ్, సుమ్నే ఊరుకోమ్మా! అడిగి తినింది మేము. నోరు కట్టుకోనుండింది మీరు. గెలుపు మీదే. కానీ నాకౌట్‌లో ఓడితిరనుకో, పొంగలి తిని మీ చేతుల్లో ఓడినామని మాకు నగుబాటు. కప్పు తేవల్ల."

"తెస్తే ఏమిస్తావు?"

"తేపో ముందు!"

నాకౌట్ వచ్చే శనివారమే. ప్రసాదం మానలేను, అడిగితే లేదనలేను. మా పిల్లల కోచ్ మాత్రం ఎంతో భక్తిగా అడిగాడు: "అక్కా, ఈసారి ఇంకా పెద్ద డబ్బా ఉండాదా?"