చెప్పుల కాపలా

నిన్న మోండా మార్కెట్లో పాత కాన్వాస్ నీళ్లసంచి కనిపించింది. ఆ ముతక గుడ్డ వాసన తగలగానే నాకు ఒళ్లు మండింది. అలాంటి సంచి మీ ఇళ్లలోనూ ఉండేది, గుర్తుందా?

చిన్నప్పుడు బాబాయి మా పిల్లలందరినీ అడవిలో నది లోయకు తీసుకెళ్లిన రోజు, మా ఇంటి నీళ్లసంచిని దారంతా మోసింది నేనే. తీరా లోయలోకి దిగేచోట, "కింద అన్నీ రాళ్లే, ఆడపిల్లవు. నువ్వు గీడ్నే కూసొని చెప్పులు చూస్కో" అన్నాడు. నాకంటే చిన్నవాడైన తమ్ముడు మాత్రం సంచి లాక్కుని దిగిపోయాడు. కింద నీళ్ల హోరు, వాళ్ల కేకలు వింటూ, నేను సాయంత్రందాకా కోతుల్ని తోలాను. మోకాళ్లు చెక్కుకుపోయి మహావీరుల్లా తిరిగొచ్చారు. సంచిలో నాకు చుక్క నీళ్లు మిగల్చలేదు.

నిన్న మార్కెట్లో ఆ సంచి కొన్నాను. ఆదివారం నా కూతురితో అదే లోయ దిగుతున్నాను. తెలిసి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నేను సుత వస్తా."

"రా. పైన కూసొని చెప్పులు చూస్కో."