సూలో బావ చెప్పే చోటు

సూలోకి ఒకటే జబ్బు. చేపలెక్కడ పడుతున్నాయని ఎవరైనా అడిగితే, మెడలో వేలాడే పసుప్పచ్చ జీపీఎస్ పెట్టెను కళ్ళకు దగ్గరగా పట్టుకుని, అక్షాంశ రేఖాంశాలతో సహా అబద్ధం చెబుతాడు. నోటికొచ్చిన అబద్ధం కాదు. దశాంశాలున్న అబద్ధం.

ఆ అబద్ధాలకు ఊళ్ళో అందరికంటే ఎక్కువగా బలైనవాడు యాల్మరి. సూలో చెల్లెలు హిల్కాను చేసుకున్న పాపానికి, పక్కింట్లోనే కాపురం కూడాను. రంపపు మిల్లు మూతపడ్డాక ఏటా చలికాలమంతా అతనికి గడ్డకట్టిన సరస్సు తప్ప వెళ్ళే చోటు లేకపోయింది. సూలో చెప్పిన చోటికి వెళ్ళేవాడు, వడ్రంగి బర్మాలాంటిది తిప్పుతూ మంచు తొలిచేవాడు, కన్నంలోకి గాలం వదిలి కూర్చునేవాడు. సాయంత్రానికి మీసాలకు మంచు పట్టించుకుని ఖాళీ బకెట్టుతో తిరిగొచ్చేవాడు.

"ఏమోయ్ యాల్మరీ, ఏం పట్టావ్?" అనేవాడు సూలో గుమ్మంలో నిలబడి.

"జలుబు."

"అయ్యో! నిన్న ఇంతింతలు పడ్డాయే! నీ మొహం చూసి దడుసుకునుంటాయి."

విడ్డూరమేమిటంటే, సూలో చెప్పిన చోట ముందే ఎవరో తొలిచిన కన్నం ఒకటి, మళ్ళీ గడ్డకట్టి కనబడేది. దాంతో అతను నిజంగానే అక్కడ చేపలు పట్టాడని నమ్మి, జనం మంకుపట్టు పట్టి కూర్చునేవారు.

ఒక ఆదివారం పాస్టరుగారే స్వయంగా అడిగారు. "సూలో, నువ్వున్నది దేవుడి ఇంట్లో. బాగా చూసుకుని చెప్పు."

సూలో బాగానే చూసుకుని చెప్పాడు. పాస్టరుగారు రోజంతా కూర్చుంటే వేలెడంత ముళ్ళచేప ఒక్కటి పడింది. మరుసటి ఆదివారం ప్రసంగం అబద్ధసాక్ష్యం మీద. సూలో మొదటి వరసలో కూర్చుని ప్రతి మాటకూ తలూపాడు.

ఆ తర్వాత కాఫీ దుకాణంలో సూలో బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. చుట్టూ మూడు కుర్చీలు ఖాళీగా పెట్టుకుని, ఒక్కడే చప్పరిస్తూ తాగేవాడు. యాల్మరికి మాత్రం 'చిల్లుల కాంట్రాక్టరు' అని పేరు పెట్టారు. అలా పిలిచేవాళ్ళలో మిల్లులో అతని చేతికింద పనిచేసినవాళ్ళూ ఉన్నారు. చలికన్నా అదే ఎక్కువ కొరికింది. ఇంటికొస్తే పళ్ళెంలో ఉడికిన బంగాళాదుంపలు. కిటికీలోంచి సూలో వెన్నలో వేయిస్తున్న పెర్చ్ చేపల వాసన.

"మీ అన్నయ్య మనిషేనా?" అనేవాడు యాల్మరి దుంప చిదుముతూ.

"తిను, చల్లారిపోతోంది," అనేది హిల్కా.

చివరికి యాల్మరి కూడా ఒక జీపీఎస్ తెచ్చుకున్నాడు. శనివారం ఇద్దరూ సౌనాలో ఆవిరి పట్టుకుంటుండగా, కాస్త గాలి పీల్చుకొస్తానని బయటి గదిలోకి వచ్చాడు. కొక్కేనికి సూలో చొక్కా, దాని మీద పసుప్పచ్చ పెట్టె. తడిచేతులతో మీటలు నొక్కాడు. చేప బొమ్మ పెట్టి దాచుకున్న చోటు ఒక్కటే ఉంది. దాన్ని తన పెట్టెలోకి ఎక్కించుకుని, లోపలికెళ్ళి సూలో వీపు చాలా ప్రేమగా రుద్దాడు.

మర్నాడు తెల్లవారాక, తెర మీది బాణం ఎటు చూపిస్తే అటు నడిచాడు. అది ఏరు వచ్చి సరస్సులో కలిసే మలుపు దాకా తీసుకెళ్ళింది. అక్కడ మంచు మీద పరిచిన పొడవాటి నిచ్చెన మీద బోర్లా పడుకుని, ఎండుచేపలాంటి సూలో కన్నంలోకి తొంగిచూస్తున్నాడు. పక్కన పెర్చ్ చేపల కుప్ప.

"దొరికావురా దొంగా!"

సూలో తలెత్తి రెండు చేతులూ ఊపాడు. "ఆగు! అక్కడే ఆగు! మంచు పల్చగా ఉంది!"

"ఇన్నేళ్ళు చెప్పినవి చాల్లే!" అంటూ యాల్మరి విసురుగా ముందుకొచ్చాడు.

కాళ్ళ కింద గాజు పగిలినట్టు చప్పుడైంది. మరుక్షణం గడ్డం దాకా నీళ్ళలో ఉన్నాడు. ఊపిరి లోపలికే పోయింది గాని బయటికి రాలేదు. చేతిలోని కొత్త పెట్టె అడుక్కి జారిపోయింది.

సూలో నిచ్చెన మీంచి దొర్లి, పొట్ట మీద పాకుతూ నిచ్చెనను ముందుకు తోశాడు. "పట్టుకో! తిట్లు తర్వాత తిడుదువుగాని! కాళ్ళు తన్ను, ఈత కొడుతున్నట్టు తన్ను! తన్నరా ఎద్దూ!"

యాల్మరి తన్నాడు. సూలో లాగాడు. ఎలాగో ఒడ్డున పడ్డారు.

సూలో ఇంట్లో పొయ్యి ముందు బొంతలో చుట్టుకుని కూర్చున్నా, యాల్మరికి పళ్ళు టకటకలాడటం తగ్గలేదు. పరుగెత్తుకొచ్చిన హిల్కా కాఫీ పోసి, కప్పు తనే పట్టుకుని తాగించింది.

"మంచు పల్చనని ముందే చెప్పి చావచ్చుగా!" అన్నాడు యాల్మరి గొంతు పెగిలాక.

"చెప్పానోయ్, అక్కడ కింద ఏరు పారుతుంది, మంచు గట్టిపడదని. మొదటి ఏడాది అందరికీ అదే చెప్పాను. ఏమన్నారు? వీడు చేపలన్నీ తనకే దాచుకుంటున్నాడన్నారు. మర్నాడు అందరూ అక్కడే తయారు. నిజం చెబితే నమ్మరు. అబద్ధం చెబితే తిట్టుకుంటూనైనా వెళ్తారు."

"అయితే నువ్వు పంపిన చోట్లన్నీ..."

"పొద్దున్నే వెళ్ళి, కన్నం తొలిచి, మంచు మందం చూసుకుని గుర్తు పెట్టుకున్నవే. లారీ తోలినా దిగదు. చేపల పూచీ మాత్రం నాది కాదు."

యాల్మరి హిల్కా వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసింది.

"నీకూ తెలుసన్నమాట!"

"నువ్వు బయల్దేరే ముందు రోజు అన్నయ్యకి ఫోన్ చేసేది ఎవరనుకున్నావ్?"

ప్రాణం దక్కిందన్న సంతోషం యాల్మరికి అప్పటికింకా రాలేదు. ముందు వచ్చింది మంటే. "నేనేమన్నా పసివాణ్ణా?"

"పసివాడివైతే ఎత్తుకునే వచ్చేవాణ్ణి. నడుములు పోయాయి," అన్నాడు సూలో.

"మరి నువ్వు అక్కడికెందుకు వెళ్తావ్?"

"నా బరువెంత? అయినా నేను పోతే ఏముంది? కాఫీ దుకాణంలో ఖాళీ కుర్చీలు మూడున్నవి నాలుగవుతాయి. నువ్వు పోతే ఇది నా ఇంటికొచ్చి మకాం పెట్టి, రోజూ నన్ను సాధిస్తుంది."

"సాధిస్తాను," అంది హిల్కా.

యాల్మరి కాఫీ అంతా తాగి, కప్పు కింద పెట్టాడు.

"బావా, రేపు ఎక్కడ పడతాయి?"

"రేపా!" అని హిల్కా అరిచింది.

"పోనీ, ఎల్లుండి."

సూలో పెట్టె తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "నిజం చెప్పనా, అబద్ధం చెప్పనా?"

"అబద్ధమే చెప్పు బావా," అన్నాడు యాల్మరి బొంత దగ్గరికి లాక్కుంటూ. "కాకపోతే కాస్త ఇంటికి దగ్గర్లో చెప్పు. మోకాళ్ళ నొప్పులు."