హంస కాలికి బిగించిన ఎర్తు తీగ

ఉదయం అయిదు గంటలకు రాయగడలో బయలుదేరాను. వ్యాను మా నాన్నగారు వేటకోసం కొన్నది, యుద్ధానికి ముందుది. వెనక తగిలించిన ట్రైలరు కొత్తది. అందులో ఒక బియ్యం మర ఉంది. సెమిలిగుడలో ఒక వ్యాపారికి దాన్ని మధ్యాహ్నం రెండు గంటల లోపల చేర్చాలి. మర బిగించే మేస్త్రి రెండు గంటల బస్సుకు జయపురం వెళ్ళిపోతాడు. ఆలస్యమైతే ఇకమీదట సరుకంతా లారీవాళ్ళకే ఇస్తానని వ్యాపారి ముందే చెప్పాడు. ఎస్టేటు పోయాక మా ఇంట్లో ఒకరు బాడుగకు బండి తోలడం ఇదే మొదలు. మొదటి మాటే తప్పడం నాకు ఇష్టం లేదు.

మా ఇంటి గేటు దాటే ప్రతి వస్తువు మీదా హంస గుర్తు ఉండాలన్నది తాతలనాటి ఆచారం. పల్లకీకి ఉండేది, ట్రంకుపెట్టెలకు ఉండేది. ట్రైలరుకు కూడా రెండు పూతల నీలిరంగు వేయించి, వెనక రేకు మీద తెల్లహంసను దిద్దించాను. దీపాల తీగలు మాత్రం నేనే కలిపాను. వెనక దీపానికి ఒకటి, బ్రేకు దీపానికి ఒకటి, కరెంటు తిరిగొచ్చే ఎర్తుకు ఒకటి, మూడింటినీ సాకెట్టులో బిగించి, ఎర్తు తీగ రెండో కొసను వెనక రేకుకు బోల్టుతో బిగించాను. షెడ్డులో వేసి చూస్తే చక్కగా వెలిగింది.

ఏడింటికి పార్వతీపురంలో ఇడ్లీ, కాఫీ. అక్కడ సూరమ్మ అనే పెద్దావిడ బస్సు తప్పిపోయి దిగాలుగా నిలబడి ఉంది. సెమిలిగుడలో కూతురి దగ్గరికి వెళ్ళాలట. చేతిలో ఆవకాయ జాడీ.

"బాబూ, నన్నూ ఎక్కించుకుంటావేటి? జాడీ నేనే ఒళ్ళో ఎట్టుకుంటాన్లే, నీ బండికి బరువుండదు."

తొమ్మిదింటికి సాలూరు దాటి, కొండదారి మొదలయ్యే ఘాటీ గేటు దగ్గర ఆగాను. ఈ దారిన వెళ్ళేవారు గుర్తుంచుకోవాలి: పైన మంచు కమ్ముతుంది కనుక, ట్రైలరు వెనక ఎర్రదీపం వెలగనిదే పగలైనా వదలరు. స్విచ్చి వేశాను. వెలిగింది, ఆరింది. బ్రేకు తొక్కితే పూర్తిగా పోయింది.

"ఇది దీపమా, మిణుగురు పురుగా?" అన్నాడు గేటు జవాను. "బాగుసేయించుకొని రండి."

పక్కనే రేకుల పాకలో సింహాచలం అనే మెకానిక్కు ఉన్నాడు. అతను వ్యాను బంపరు నుంచి ఒక విడితీగ లాగి దీపం గిన్నెకు ఆనించాడు. వెంటనే నిండుగా వెలిగింది.

"దీపం మంచిదే బాబుగారూ. ఎర్తు బోల్టే రంగు మీద బిగించేరు. కరెంటు తిరిగొచ్చే దారి మూసేసేరు. బండికీ ట్రైలరుకీ మధ్య కొక్కెంలో ఇనుం ఇనుం రాసుకున్నప్పుడు ఎలిగింది, కుదుపొస్తే ఆరిపోయింది."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"రంగు గోకాలి. ఇనుం కనపడాలి."

బోల్టు ఉన్నది సరిగ్గా హంస కాలి మీద. వేరే చోట గోకమన్నాను. తీగ అక్కడికే అందుతుందనీ, అతుకు వేస్తే ఘాటీ కుదుపులకు ఊడిపోతుందనీ అతను చెప్పాడు. గడియారం పది చూపుతోంది. నేను హంసను చూస్తూ నిలబడ్డాను.

"హంసని సంపమన్నేదు గదా బాబూ, కాలు గోకమన్నాడు," అంది సూరమ్మ వ్యానులోంచే. "ఎలాగూ బండెక్కి ఎల్తంది. దానికి కాళ్ళెందుకు?"

నాకు నవ్వు ఆగలేదు. అయినా ఆ పని మరొకరిచేత చేయించబుద్ధి కాలేదు. సింహాచలం చేతిలోని ఆకురాయి తీసుకుని నేనే గోకాను. నీలిరంగు కింద ఇనుము తళతళలాడాక బోల్టు బిగించాను.

"తొక్కండి!" అని వెనక నుంచి సింహాచలం కేక, నేను వ్యానెక్కి బ్రేకు మీద కాలు పెట్టగానే. "మళ్ళీ తొక్కండి! బెమ్మాండం!"

సుంకి దాటాక నిజంగానే మంచు కమ్మింది. ఒక మలుపులో ఎడ్లమంద అడ్డం వస్తే ఆగాను. వెనకే ఒక లారీ కీచుమంటూ నిలిచింది. డ్రైవరు దిగి వచ్చాడు.

"ఎర్రదీపం కనపడి ఆగేను బాబూ. లేపోతే మీ మరా, నా లారీ కలిసి లోయలో బియ్యం దంచేవి!"

సూరమ్మ జాడీని మరింత గట్టిగా పట్టుకుంది.

ఒంటిగంటన్నరకు సెమిలిగుడ చేరాం. సూరమ్మ జాడీతో కూతురింటి దగ్గర దిగిపోయింది. మేస్త్రి అప్పుడే భోంచేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. సాయంత్రానికి మర ఆడింది, మేస్త్రి బస్సు తప్పింది. రాత్రి వ్యాపారి ఇంట్లోనే భోజనం, ఆయన గోదాము అరుగు మీద పడక. మర్నాడు ఏడింటికి బయలుదేరబోతుంటే ఆయన ట్రైలరులోకి అల్లం బస్తాలు ఎక్కించాడు. ఇకమీదటి సరుకు ఎవరికన్నదానికి అదే ఆయన జవాబు.

దిగేటప్పుడు ఘాటీ అంతా కుదుపులే. దీపం ఒక్కసారి కూడా ఆరలేదు. గేటు దగ్గర సింహాచలం తెల్లరంగు డబ్బాతో ఎదురొచ్చాడు.

"బోల్టు బిగిసే ఉంది గదా, ఇప్పుడు పైన రంగేసినా పరవాలేదు. హంసకి కాలొచ్చేస్తాది."

రంగు వద్దు, తుప్పు పట్టకుండా గ్రీజు రాస్తే చాలన్నాను. రాయగడ దాకా వెనక అల్లం వాసన వస్తూనే ఉంది. మా ఇంటి గేటులోకి హంస ఇనుపకాలితో ప్రవేశించింది.