పత్తి యార్డులో డెబ్బై తొమ్మిది మైళ్లు

ఆ మే నెలలో మా మేనకోడలు జమ్మికుంటలోని మా ఇంటికి నాలుగు రోజులు ఉండేలా వచ్చింది. కో-పైలట్ శిక్షణలో ఉంది. సిమ్యులేటర్ పరీక్ష ఒకసారి తప్పింది. వారంలో రెండోది. అదీ తప్పితే శిక్షణ నుంచి ఇంటికి పంపిస్తారు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు తింటోంది.

"ఎక్కడ తప్పింది బిడ్డా?" అన్నాను.

చెప్పింది. విమానం ముప్పై నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉంది. ముందున్న ఒక గుర్తు దగ్గరికి వచ్చేసరికి పది వేల అడుగులకు దిగాలి. అక్కడ వేగం రెండు వందల యాభై నాట్లకు మించకూడదు. వెయ్యి అడుగులు దిగడానికి సుమారు మూడు మైళ్లు కావాలి. మరి ఎన్ని మైళ్ల ముందు దిగడం మొదలుపెట్టాలి?

"డెబ్బై రెండు," అన్నాను, ఆమె ఊపిరి తీసుకునేలోపే.

"నేను గూడ గదే అన్న మామా. గక్కడ్నే తప్పింది."

దిగేటప్పుడు వేగం రెండు వందల తొంభై. నలభై నాట్లు తగ్గించడానికి ఇంకో నాలుగు మైళ్లు కావాలట. వెనుక నుంచి ముప్పై నాట్ల గాలి తోస్తోంది, దానికి మూడు. మొత్తం డెబ్బై తొమ్మిది.

"గుట్ట దిగే బండి తీరు, మామా. దిగుకుంట వేగం తగ్గుమంటే తగ్గది. కొంచెం దూరం దిగకుంట సాఫుగ నడిపియ్యాలె. నేను దిగుడు షురూ చేసినంక గా ఏడు మైళ్లు యాదికొచ్చినయ్. పది వేలకైతే అచ్చిన. వేగం మాత్రం రెండు వందల తొంభై మీదనే ఉన్నది."

"అంత తెలిసి ముందే ఎందుకు కలుపలే?"

"నువ్వే గద నేర్పింది! ముందు తూకం, తరుగు ఆఖరికి."

నేను పత్తి యార్డులో తూకం గుమాస్తాను. పదో తరగతితో చదువు ఆపి, కాంటా పక్కన నిలబడే నోటి లెక్కలు నేర్చుకున్నాను. చిన్నప్పుడు సెలవులకు వస్తే ఆమెకూ నేర్పాను. బస్తా బరువుకు, తేమకు తూకంలోంచి తీసేసేదే తరుగు. బండి మొత్తం తూచాక చివర్లో తీస్తాం. నాకు ఆ వరస తప్ప ఇంకో వరస ఉంటుందని తోచనే లేదు.

వంటింటి గడపలోంచి నా భార్య నవ్వింది. "ఇరవై ఏండ్ల సంది రైతులను పరేషాన్ చేసింది సాలలేదా? ఇగ ఇమానం మీద వడ్డవా?"

మర్నాడు పొద్దున్నే ఆమెను యార్డుకు తీసుకెళ్లాను. వేసవిలో పత్తి రాదు. సిమెంటు నేల అంతా ఖాళీ. కాంటా దగ్గర గీత గీసి, అదే గుర్తు అన్నాను. నడిచే ఒక్కో అడుగు ఒక్కో మైలు. నేను ఎత్తు, వేగం, గాలి చెప్పాలి. ఆమె ముందు తరుగు, అంటే వేగానికీ గాలికీ పట్టే మైళ్లు, చూసుకుని, ఆ తర్వాతే దిగడానికి మైళ్లు లెక్కగట్టి, అన్ని అడుగులు వెనక్కి వెళ్లి నిలబడాలి.

రేకుల షెడ్డు కింద పడుకున్న హమాలీ తల ఎత్తాడు. "ఏంది సారూ, జాగ కొలుస్తున్నరా?"

"ఇమానం దింపుతున్నం."

"గట్లనా? జర పక్కకు దింపుండ్రి. గక్కడ నా సద్ది ఉన్నది."

ఆమె వచ్చాక మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే డెబ్బై తొమ్మిదో అడుగులో నిలబడింది. ఎదురుగాలి ఇస్తే తీసేసింది, వెనుక గాలి ఇస్తే కలిపింది. మూడో రోజుకు నేను గాలి సంగతి చెప్పడం పూర్తికాకుండానే నడక మొదలుపెట్టేది. హమాలీ కూడా పందెం వేసినట్టు అడుగులు లెక్కపెట్టేవాడు, ఒకసారి నన్నే సరిదిద్దాడు.

పరీక్ష రోజు మధ్యాహ్నం దాకా నేను ఏ పనీ చేయలేదు. రెండు దాటాక ఫోను వచ్చింది.

"మామా, లెక్క మంచిగనే అచ్చింది. ముందే దిగుడు షురూ చేసిన. పదహారు వేల కాడ ఉన్నప్పుడు, ఇంక ఇరవై రెండు మైళ్లుండంగ, కింద నుంచి దారి చెప్పే కంట్రోలర్ దగ్గరి దారిల రమ్మన్నడు. పన్నెండు మైళ్లు కోసిండు."

కాగితం లేకుండానే వేశాను. ఆరు వేలు దిగడానికి పద్దెనిమిది, వేగానికి నాలుగు. ఇరవై రెండు కావాలి. ఉన్నవి పది.

"మరి ఎట్ల జేసినవ్ బిడ్డా?"

"చెయ్యలే. ఎత్తు, వేగం రెండూ కుదరయని చెప్పిన. ఇంకో పన్నెండు మైళ్లు తిప్పమన్న. కంట్రోలర్ గొంతు గూడ పరీక్ష పెట్టే సారుదే. ఇగ మల్ల తప్పినట్టే అనుకున్న."

"తర్వాత?"

"తిప్పిండు. పాసైన మామా! ఆఖరికి ఏమన్నడో ఎర్కేనా? కుదరదని చెప్పుతవా లేదా అని సూసేటందుకే కోసిండంట."

ఫోను భార్యకు ఇచ్చి కాసేపు కుర్చీలో కూర్చున్నాను. ఎంత వంకర తూకమైనా ఏదో ఒక అంకెకు తెచ్చి కూర్చోబెట్టడమే ఇన్నేళ్లూ నేను చేసిన పని. కుదరదు అని నేనెప్పుడూ అనలేదు, ఎవరికీ నేర్పనూ లేదు. ఆ ఒక్కటీ ఆమె సొంత లెక్క.