బంగార్రాజు గారి ఎలుక ఎముకలు

చోడవరం పశువుల డాక్టరు బంగార్రాజు గారికి కోపం తప్ప మరో భాష రాదు. ఎద్దుకి జబ్బు చేస్తే ఎద్దుని ఏమీ అనరు, తోలుకొచ్చినవాణ్ణి తిడతారు. "నమస్కారం బాబూ" అంటే, "ఏటి నమస్కారం? ముందు ఆ ముకుతాడు వదులు సెయ్యి!" అంటారు. ఆయన దగ్గర కాంపౌండరుగా చేరి నాలుగేళ్లయినా, నా పేరు వెనక తిట్టు లేకుండా ఒక్కసారీ వినలేదు.

ఆ తిట్లు పడనివి ఆస్పత్రి వెనక గదిలో ఆయన పెంచే ఆడ ఎలుకలే. వాటిని "అమ్మా" అని పిలిచేవారు. సగం ఎలుకలకి అండాశయాలు కోసి తీసేసి, సగం అలాగే వదిలేసి, అవి పోయాక ఎముకలు ఎండబెట్టి పోల్చి చూసేవారు. బోనులు కడిగేది మాత్రం నేను. ఇంత చదువు చదివి ఎలుకల పిచ్చేమిటని నాకు ఒళ్లు మండేది.

"సూడరా సత్యారావూ, ఎదవా! కోసిన ఎలుకకి తొడ ఎముక రాయిలాగుంది. తోకెముకా గట్టిదే. నడుం ఎముక మాత్రం గుల్ల! దేవుడు తోకని కాపాడి నడుం వదిలేసేడు. ఏటిరా ఈ నాయం?"

"నన్నడిగితే ఏటి సెప్పగలనండీ?"

"అయితే నోర్ముయ్!"

పందొమ్మిది వందల యాభై అయిదులో, చెరుకు నరికే రోజుల్లో, పెదబాబు అనే రైతు ఎద్దుని తోలుకొచ్చాడు. మాటల్లో పెళ్లాం నూకరత్నం సంగతి ఎత్తాడు. "ముట్లుడిగిన కాడ్నించీ నడుం నొప్పని ఒకటే ఏడుపు బాబూ. వడ్డాది సంతకి నడిసెల్లొస్తాది, సెరుకు మోపు ఎత్తమంటే కూలబడిపోతాది. అంతా నాటకం! రేపు మోపెత్తకపోతే పుట్టింటికి తోలేస్తాను."

డాక్టరు గారు ఎద్దుని వదిలేశారు. పెదబాబు జబ్బ పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్లి, అరచేతిలో రెండు ఎముకలు పెట్టారు.

"రెండూ ఒక్క ఎలుకవే, అండాశయాలు కోసిందానివి. నొక్కు!"

తొడ ఎముక చెక్కుచెదరలేదు. నడుం ఎముక పిండయిపోయింది.

"ఇది కొయ్యని ఎలుక నడుం. నొక్కు!"

అది గట్టిగా నిలిచింది.

"అండాశయాలు కోసేసినా, ముట్లుడిగినా ఆడదాని ఒంట్లో ఊరే రసమొకటి ఆగిపోతాది. కాళ్లు నడుస్తాయి, నడుం సితికిపోతాది. సంతకెల్లిందని నాటకమంటావా, ఎదవా?"

పెదబాబు అరచేతిలో పిండిని వేలితో తడిమి చూశాడు. "మా రత్నానికీ ఇలాగేనా బాబూ?" అన్నాడు.

అతను వెళ్లాక కూడా డాక్టరు గారు తిడుతూనే ఉన్నారు. "ఆడిమీద అంత కోపమెందుకండీ?" అన్నాను.

"ఆడిమీద కాదురా. నా తోడబుట్టింది, మా నరసప్ప, ఇలాగే ఒంగిపోతే, నాటకాలాడకన్నది నేనే. సొంత అప్పసేత నీల్ల బిందెలు మోయించేను. పెద్ద డాక్టర్ని!" అని మొహం అటు తిప్పుకున్నారు. ఆయన మీద నాలుగేళ్లుగా ఉన్న మంటంతా నాలో చల్లారిపోయింది.

మర్నాడు పెదబాబు మోపు తన నెత్తినే పెట్టుకుని ఆస్పత్రి ముందునుంచి వెళ్తున్నాడు. పక్కన నూకరత్నం చద్దిగిన్నె పట్టుకుని నడుస్తోంది. డాక్టరు గారు గేటు దగ్గరే అందుకున్నారు.

"ఒరే! ఆ గిన్నెవడు మోస్తాడు, మీ బాబా?"

నూకరత్నం నవ్వాపుకుంటూ గిన్నె మొగుడి చేతికిచ్చింది.