సముద్రం కన్నా ముందు మా మేనత్త

మరణవార్తను పెద్దలకు ముందుగానూ, చిన్నవారికి తరువాతనూ, అల్లుళ్లకు విడిగానూ తెలియజేయడం మా వంశంలో స్థిరపడిన విధానం. మొన్న సోమవారం ఆ విధానం భగ్నమైంది. సముద్రపు ఒడ్డున ఉంటున్న మా మేనత్త పోయిందన్న కబురు వాట్సాప్‌లో అందరికీ ఒకేసారి చేరింది. అలగడానికి అర్హులైనవారు సైతం అలగకుండా రైలెక్కారు.

ఆదోనిలో పుట్టిన మా అత్త, ఉప్పుమడుల్లో పనిచేసే మామను పెళ్లాడి ఆ చిన్న పల్లెకు వెళ్లింది. మామ పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. సెలవులు వచ్చాయంటే ఆదోని, ఎమ్మిగనూరుల బంధువర్గం ఆ ఇంటిమీద దిగేది. వారు వచ్చింది తనకోసం కాదనీ, సముద్రం కోసమనీ ఆమెకు తెలుసు. అందుచేత ఒక నిబంధన అమలుచేసింది. వచ్చినవారు వసారాలో సముద్రానికి వీపుపెట్టి కూర్చోవాలి. తాము మోసుకొచ్చిన బొరుగులతోనే ఆమె చేసిపెట్టే ఉగ్గాని తినాలి. ఊరి సంగతులన్నీ చెప్పాలి. ఆ తరువాతే అలలు.

"ఆదోనిలో వాన పడిందా?" అన్నది మొదటి ప్రశ్న, ఏటేటా.

"యాడిది అత్తా! పత్తి ఎండిపోతాండాది. పిల్లోళ్లు ఆగేటట్టు లేరు, నీళ్లకాడికి పోయొస్తాం."

"కూసో అప్పా. అది యాడికీ పోదు. పోయేదాన్ని నేను."

నవ్వుతూనే అనేది. అంత కడుపునిండా పెట్టి, బదులుగా నాలుగు మాటలే అడిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఈసారి మేము చేరేసరికి ఆమెను అదే వసారాలో పడుకోబెట్టారు. ప్రయాణపు బడలికకు ఎవరికీ ఏడ్చే ఓపిక కూడా లేదు. ఎవరూ చెప్పకుండానే సముద్రానికి వీపుపెట్టి కూర్చున్నాము. ప్రశ్న రాలేదు. మా అన్న ఆమె తల దగ్గరకు జరిగాడు.

"వాన పడింది అత్తా. మన ఈదిలో నీళ్లు నిలిచినాయి. నువ్వు అడుగుతాంటివే, పక్కింటి దర్జీ సాయిబు? ఆయప్ప మనవరాలు టీచరమ్మ అయింది..."

పొరుగున చేపలమ్మే ఆవిడ జాలిపడింది. "బాగా అలిసిపోయారు బాబూ. ఒడ్డుకెళ్లి కాసేపు గాలి పీల్చుకు రండి."

"ఇంగా సెప్పేది ఉందమ్మా," అన్నాడు అన్న, తల తిప్పకుండానే.

ఆదోనిలో ఒక్క వీధినీ వదలలేదు. వెనుక అలలు విరుగుతూనే ఉన్నాయి. పిల్లలు కూడా అటు చూడలేదు.

అంత్యక్రియల అనంతరం కుటుంబం తరఫున తీర్మానించడమైనది: ఆదోనిలో వాన పడిందా అని అడిగే మనిషి లేని ఒడ్డున సముద్రం ఉన్నట్టు మేము గుర్తించము. ఈ నిబంధన అంతిమం. సముద్రం తరఫు అభ్యంతరాలు స్వీకరించబడవు.